చెడు రక్తం

నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు. పదకొండేళ్లుగా వికారాబాద్ – తాండూరు బస్సులో కండక్టర్‌ని. పొద్దున ఐదింటి నుంచి "జరగాలె, ముందుకు జరగాలె! అమ్మా, ఆధార్ కార్డు తియ్యి! ఏ తాతా, ఆ సంచి కాళ్ల కింద పెట్టు!" అని అరవకపోతే నాకు బస్సు కదిలినట్టే ఉండదు. అలాంటి నన్ను, ఈ పూజితను పట్టుకుని రెండు వారాలు గొంతుకు పని చెప్పొద్దంటే ఏమవుతుంది? పిచ్చెక్కుతుంది. ఎక్కింది కూడా.

ఈ టాన్సిల్స్ గొడవ నాకు కొత్తది కాదు. ఏడాదికి ఆరేడు సార్లు గొంతు వాచేది. వాచినప్పుడల్లా ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్యలో మందుల షాపుకు ఉరికి "అన్నా, గొంతుది ఇయ్యి" అనేదాన్ని. అతను చీటీ అడగడు, నేను చూపించను. రెండు రోజులు మింగి, నొప్పి తగ్గగానే మిగతా గోళీలు టికెట్ల సంచిలో పడేసేదాన్ని. మళ్లీ గొంతు పట్టుకుంటే ఆ మిగిలినవే మింగేదాన్ని. చివరికి ఏ గోళీకీ లొంగని స్థితికి వచ్చి, తాండూరులో డాక్టర్ నాగరాణి ముందు కూర్చున్నాను.

"ఇన్నేళ్లు ఏం చేసినవమ్మా?" అందామె.

"రెండు రోజుల్లనే తగ్గించుకుంటుంటి మేడం" అన్నాను గొప్పగా.

ఆమె పెన్ను కింద పెట్టింది. "తగ్గించుకోలేదు. సగం సగం మందులతోని రోగాన్ని పండబెట్టినవ్, అది మళ్ల లేచింది. ఇగ తీసెయ్యాలె. చిన్న పిల్లలైతే వారంల ఆడుకుంటరు. నీ వయసుల రెండు వారాలు చుక్కలు కనబడతయ్, ముందే చెప్తున్న."

ఆపరేషన్ అయ్యాక మంచం దగ్గరికి వచ్చి ఇంకా వివరంగా చెప్పింది. కోసిన చోట తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు, మోకాలి మీద దెబ్బకు పక్కు కట్టినట్టే. నోరు వాసన వస్తుంది. ఐదో రోజు నుంచి నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది, చెవుల్లోకి పాకుతుంది. పొర ఊడే రోజులవి. నొప్పి గోళీలు వేళకు వేసుకోవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి, ఐస్‌క్రీమ్ తినొచ్చు. యాంటిబయాటిక్ అవసరం లేదు, దానివల్ల నొప్పీ తగ్గదు, పుండూ తొందరగా మానదు. "రక్తం వస్తే మాత్రం చెంచాడైనా సరే, అదే ఆగుతదిలే అని కూసోకు. ఉరికి రా." ఇవన్నీ కాగితం మీద కూడా రాసిచ్చింది.

ఇంత చెబుతుంటే మా నాయిన ఎక్కడున్నాడు? ఆస్పత్రి ముందు ఎవరిదో గొర్రెల ట్రాలీ ఆగిందట. దిగిపోయి వాటి నోళ్లు తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

మా నాయిన బిచ్చయ్యకు ఎనభై గొర్రెలు. చుట్టుపక్కల ఊళ్లలో గొర్ల డాక్టర్ అని పేరు. ఏ గొర్రె నీరసపడినా, ఏ మేక ఈనలేకపోయినా ఈయనకే కబురు. అందుకని ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. తప్పయిందనే మాట ఆ నోట నేనెన్నడూ వినలేదు. మా ఆయన సిమెంటు లారీ మీద నెలలో ఇరవై రోజులు మహారాష్ట్ర రోడ్లు పట్టుకుని తిరుగుతాడు. అమ్మ పోయి నాలుగేళ్లు. "అమ్మ లేకుంటే తల్లిగారిల్లు లేనట్టేనా? నేను సచ్చిన్నా?" అని నాయిన నన్ను కోట్‌పల్లి దగ్గర మా ఊరికి పట్టుకుపోయాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు మండింది, మానేశాను.

మొదటి గొడవ ఐస్‌క్రీమ్ దగ్గర. కావాలని సైగ చేశాను.

"కోసిన గాయం మీద సల్లటిదా? సర్ది పడతది. నీ డాక్టరమ్మకు ఎవరు జెప్పిండ్రు గీ సదువు?" అని మిరియాల కషాయం కాచి తెచ్చాడు. ఒక్క గుటక. ప్రాణం గిలగిల కొట్టుకుంది. కోపం ఆయన మీద, గ్లాసు మాత్రం గోడ మీద పడింది. ఆయన గ్లాసు తీసి కడిగి పెట్టి, "మీ అమ్మ తీరే" అన్నాడు.

నేను గుసగుసగా రెండు మాటలంటే మూడో మాటకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పోనీ రాసి చూపిద్దామంటే నాయినకు చదువు రాదు. ఆయనకు చదువు రాదు, నాకు మాట రాదు, ఇక మా ఇద్దరి వ్యవహారం ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది. ఒకసారి విసుగొచ్చి ఫోన్‌లో టైపు చేసి ముందు పెడితే, ఎవరి ఫోటోనో అనుకుని దూరంగా పట్టుకుని చూశాడు.

నిలవలేను, కూర్చోలేను. గోడ నుంచి గడప దాకా పద్నాలుగు అడుగులు. గడప నుంచి గోడ దాకా మళ్లీ పద్నాలుగు. పడుకుంటే గొంతు ఎండిపోతుంది, లేస్తే తల తిరుగుతుంది. ఈ పాటికి బస్సు ధారూర్ దాటి ఉంటుంది, నా సీట్లో ఎవత్తి కూర్చుందో, చిల్లర సరిగ్గా ఇస్తుందో లేదో అని అదొక యాతన.

ఐదో రోజు పొద్దున నాయిన టార్చిలైటు పట్టుకొచ్చాడు. "ఆ అను" అన్నాడు. అన్నాను. ఆయన గొర్రె దవడ పట్టుకున్నట్టే నా దవడ పట్టుకుని రెండు వైపులా చూశాడు. ముఖం మాడిపోయింది.

"తెల్లగున్నది బిడ్డా. చీము పట్టింది."

"చీము కాదు. పొర. డాక్టర్ చెప్పింది" అన్నాను గుసగుసగా.

"నలభై ఏండ్లసంది నోళ్లు జూస్తున్న. నాకు జెప్తవా? నోట్ల తెల్లగైన గొర్రె మేత మానేసి ఎండిపోతది. సూది పడితెనే లేస్తది." కాసేపు ఆలోచించి ఇంకో మాటన్నాడు. "ఇంట్ల గొర్లకు ఏసే సూది ఉన్నది. నువ్వు మనిషివి గదా, జర తక్కువ ఏస్త."

నేను దిండు విసిరాను. అది తగిలాక గానీ ఆయన ఆ ఆలోచన మానుకోలేదు.

ఆరో రోజు నొప్పి చెవుల్లోకి దిగింది. అబ్బా, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఉమ్మి మింగాలన్నా ముందు గోడ పట్టుకోవాలి. పక్కింటి జంగమ్మత్త పలకరించడానికి వచ్చి, నా దగ్గరికి వంగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "వాసనొస్తాందే పిల్లా. లోపల కుళ్లుతాంది" అంది.

నాకు తెలుసు. కాగితం మీద అన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఐదో రోజు నుంచి ఇట్లాగే ఉంటుందని ఆమె చెప్పింది, నేను విన్నాను. కానీ తెలిసి ఉండటం వేరు, చెవుల్లో సూదులు దిగుతుంటే తెలిసి ఉండటం వేరు. ఆమె కూడా పొరపాటు పడి ఉండొచ్చు కదా అనిపించింది. పైగా నాయిన రెండు రోజులుగా తిండి మానేశాడు. గొర్రెల వెంట పొమ్మని ఇంకొకరిని పంపి, మంచం పట్టెను పట్టుకుని కూర్చుంటున్నాడు. "మీ అమ్మ ఉంటే నిన్ను గిట్ల ఇడుస్తుండెనా? నాకు ఏం జెయ్యాల్నో సమజైతలేదు, ఒక్కసారి నా మాట ఇను బిడ్డా" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

నేను తలూపాను.

గంటలో ఊరి వైద్యుడు కిష్టప్ప బండి మీద దిగాడు. చదివింది పదో తరగతే అయినా మెడలో స్టెతస్కోపు మాత్రం ఉంటుంది. నోట్లోకి సరిగా చూడను కూడా లేదు. "చీమే. పట్నం డాక్టర్లు కోసి పంపిస్తరు, ఇగ మందులు మేమే ఇయ్యాలె" అన్నాడు. "పెద్ద సూది ఏస్త. పొద్దుమాపు ఏసుకుంటె రెండు దినాల్ల లేసి ఉరుకుతవ్." పెద్ద పెద్ద క్యాప్సూళ్లు కూడా ఇచ్చాడు. నన్నెవరూ పట్టుకుని బలవంతాన పొడవలేదు. నేనే చెయ్యి చాపాను. ఆ మాట దాస్తే నేను చెప్పేదంతా అబద్ధమవుతుంది.

ఏడో రోజు కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ అయింది. కడుపు పట్టుకుంది. తొమ్మిది సార్లు దొడ్డికి పరిగెత్తాను. ఆ తర్వాత వాంతులు. కోసిన గొంతులోంచి వాంతి వస్తే ఎట్లా ఉంటుందో శత్రువుకు కూడా తెలియకూడదు. నీళ్లు నిలవలేదు, నొప్పి గోళీలు వాంతిలోనే పోయాయి. నాయిన ఫోన్ చేస్తే కిష్టప్ప, "మందు పనిచేస్తాంది. లోపలి మురికంతా కడుక్కపోతాంది. సూది ఆపకుండ్రి" అన్నాడు. ఆపలేదు.

ఎనిమిదో రోజు పొద్దున పది గంటలకు బట్టల బండ దగ్గర కూర్చుని మళ్లీ కక్కాను. పచ్చటి నీళ్లు వచ్చాయి. లేవబోతుంటే నోట్లోకి వెచ్చగా ఏదో ఊరింది. ఉమ్మాను. ఎర్రగా ఉంది. మళ్లీ ఉమ్మాను. బండ మీద దోసెడు రక్తం.

నాయిన పరుగున వచ్చాడు, బండ వైపు చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. అవును, వెలిగిపోయింది.

"ఒడ్సింది బిడ్డా, పీడ ఒడ్సింది! చెడు రక్తం పోతాంది. ఇగ నీకు తక్కువైతది."

ఆయన తప్పేం లేదు, మా ఇళ్లలో అంతే. గొర్రెకు ఒళ్లు వేడెక్కి కళ్లెర్రబడితే చెవి కొస కోస్తారు. నల్లటి రక్తం కారిపోతే గొర్రె తేలికపడి లేస్తుందని నమ్మకం. లేచినవి లేచాయి, లేవని వాటికి రక్తం చాలినంత పోలేదని అనుకున్నారు. ఇన్ని రోజులూ తెల్లటి పొరను చూసి గజగజలాడిన మనిషి, రక్తాన్ని చూసి నా వీపు నిమిరాడు.

నేను తల అడ్డంగా ఊపాను. రోడ్డు వైపు చెయ్యి చూపించాను. ఆస్పత్రి అందామని నోరు తెరిస్తే చుబుకం మీదుగా రక్తం కారింది. "మాట్లాడకు, పోనీ, పోనీ" అని ఆయన తువ్వాలుతో తుడిచాడు. లోపలికి ఉరికి ఫోన్ తీసి నూట ఎనిమిదికి కొట్టాను. అవతలి నుంచి ఒకమ్మాయి "చెప్పండి, ఏమైంది?" అంది. నా గొంతులోంచి గరగరా నీళ్ల శబ్దం తప్ప ఇంకేం రాలేదు. "హలో, హలో, ఎక్కడి నుంచమ్మా?" అంటోంది. అప్పుడు నాయిన ఫోన్ తీసుకున్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇక చెబుతాడనుకున్నాను.

"ఏం లేదమ్మా, మా బిడ్డది. గొంతుల చెడు రక్తం ఉండె, పోతాంది. మంచిగనే ఉన్నది. నువ్వు ఫికర్ జెయ్యకు" అని పెట్టేశాడు.

ఆ క్షణంలో ఆయన్ను కొట్టాలనిపించింది. నిజంగా. కన్నతండ్రిని. చెయ్యి లేవలేదు, కళ్ల ముందు చీకట్లు కమ్మి మంచం మీద పడ్డాను. నేను చచ్చిపోతాను, ఈయన నవ్వుతూ చూస్తుండగానే చచ్చిపోతాను అనుకున్నాను. వెల్లకిలా పడుకున్నాక బయటికి రావడం తగ్గింది. "సూడు, ఆగింది. జెప్పిన్నా లేదా?" అని ఆయన పక్కన కూర్చుని తువ్వాలుతో విసరసాగాడు.

బయటికి రావడమే ఆగింది. లోపల గొంతు వెనక వెచ్చగా జారుతూనే ఉంది. ఉమ్మే ఓపిక లేదు. మింగుతున్నాను. నిండగానే మింగుతున్నాను. ఎంతసేపో తెలియదు.

తువ్వాలు ఆగింది. ఆయన నా మెడ వైపే చూస్తున్నాడు.

"ఏం మింగుతున్నవ్?" అన్నాడు.

మళ్లీ మింగాను.

"నీళ్లు దాగలే గదా. ఏం మింగుతున్నవే?" రెండు వేళ్లు తెచ్చి నా గొంతు మీద పెట్టాడు. వేళ్ల కింద గొంతు కదిలింది. ఆగింది. కదిలింది. ఆయన పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పోయిన ఎండాకాలం కోట్‌పల్లి ప్రాజెక్టు చెరువు వెనక కుక్కలు మా గొర్రెను ఒకదాన్ని గొంతు దగ్గర పట్టాయి. నాయిన విడిపించి, పసుపు అద్ది, చెట్టు నీడన కట్టేశాడు. బయట రక్తం ఆగిపోయింది. గొర్రె మెల్లగా గుటకలు వేస్తుంటే నెమరేస్తోంది, గండం గడిచిందని అందరికీ చెప్పాడు. మధ్యాహ్నానికి అది ఒరిగిపోయింది. కోసి చూస్తే కడుపు నిండా దాని రక్తమే. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

"లే! లే బిడ్డా! మింగకు!" నన్ను చంకల కింద పట్టి లేపి కూర్చోబెట్టి, తల ముందుకు వంచాడు. నోట్లోంచి నిమ్మకాయంత నెత్తురు గడ్డ ఒకటి జారి తువ్వాల్లో పడింది. "పరశురాం! ఒరేయ్ పరశురాం! బండి తియ్యిరా!" ఆ కేకకు ఊరు ఊరంతా వాకిళ్లలోకి వచ్చి ఉంటుంది. నేను బస్సులో పదకొండేళ్లలో అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు.

పరశురాం మా బాబాయి కొడుకు. వాడి చిన్న ట్రక్కులో గొర్రెల పెంట కూడా ఊడవలేదు. ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టి, నా ఒళ్లో స్టీలు గిన్నె పెట్టి, నాయిన పక్కన ఇరుక్కున్నాడు. దారి పొడుగునా ఒకటే మాట. "ఉమ్ము బిడ్డా. మింగకు. ఉమ్ము." తల ఎత్తబోతే మెడ వంచుతాడు. గిన్నెలోకి చూస్తాడు, "జల్ది పోనియ్యిరా" అంటాడు. తాండూరు ఇంకా ఎంత దూరమని నన్ను తప్ప దారిలో కనబడ్డ అందరినీ అడిగాడు. నాకు ఆ దారిలో ప్రతి స్టేజీ తెలుసు, కానీ ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాను.

ఆస్పత్రిలో డాక్టర్ నాగరాణి నన్ను చూడగానే నర్సును కేకేసింది. సెలైను ఎక్కిస్తూ, థియేటర్ సిద్ధం చేయిస్తూ అడిగింది. "ఎప్పటిసంది రక్తం? నీళ్లు తాగుతుందా? ఇంట్ల ఏమన్నా మందులు ఇచ్చిండ్రా?"

వరండాలో పదిమంది ఉన్నారు. అందులో మా మండలం వాళ్లు ఇద్దరు, ఆయన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టినవాళ్లే. నాయిన తల దించుకుంటాడనుకున్నాను. దించలేదు.

"పది గంటలసంది మేడం. నేనే చెడు రక్తమన్న. అంబులెన్సు అమ్మాయికి గూడ నేనే వద్దని జెప్పిన. తెల్లగ ఉంటె చీమన్న, సూదులు ఏపిచ్చిన, గోళీలు మింగిపిచ్చిన. అది వద్దన్నది, నేనే ఒప్పిచ్చిన. అవి పడక రెండు దినాలసంది కక్కుతాంది." ఊపిరి తీసుకున్నాడు. "నాకు ఏం తెల్వది మేడం. గొర్ల సంగతి తప్ప నాకు ఏం తెల్వది. నువ్వే సూడు."

డాక్టరమ్మ తిట్టడానికే నోరు తెరిచింది, నేను చూశాను. కానీ గొంతు తగ్గించింది. "సూదులు, గోళీలు అక్కరలేకుండె పెద్దయ్యా. ఆ తెల్లటిది చీము కాదు. వాంతులతోని పొర లేచి ఉండొచ్చు. కొందరికి ఏం చెయ్యకున్నా రక్తం వస్తది. ఎట్ల వచ్చినా ఇంట్ల ఉంచొద్దు, అంతే. మరి ఇప్పుడెట్ల తెలుసుకుని తెచ్చినవ్?"

"మింగుతాంది మేడం" అన్నాడు. రెండు వేళ్లు తన గొంతు మీద పెట్టి చూపించాడు.

థియేటర్లో కాల్చి రక్తం ఆపారు. యాంటిబయాటిక్ ఆపేశారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఒకటి పరశురాం ఇచ్చాడు. నాయిన కూడా ఇస్తానంటే వయసు చూసి వద్దన్నారు. ఆయన వార్డులో నా కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. మూడు రోజులు ఇంటికి పోలేదు, గొర్రెల సంగతి అడగలేదు. నేను నిద్రపోతే కూడా నా మెడ వైపే చూస్తున్నాడని పక్క మంచం ఆమె చెప్పింది.

ఆ మూడు రోజులూ నేను ఆయనకు చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాను. గొంతు రానీ, వరండా దాకా వినబడేట్టు దులుపుతానని. కిష్టప్ప సంగతి, ఫోన్ సంగతి, వెలిగిపోయిన ఆ ముఖం సంగతి. తీరా నాలుగో రోజు డాక్టరమ్మ మాట్లాడొచ్చన్నాక మాట పెగిలేసరికి ఆయన గడ్డం మాసిపోయి, చొక్కా మీద నా రక్తం మరక ఎండిపోయి అట్లాగే కూర్చుని ఉన్నాడు. నాకు పేర్చుకున్నవేవీ రాలేదు.

"నువ్వే గదా నాయినా పట్టింది" అన్నాను. "నేను మింగుతున్ననని నువ్వే సూసినవ్. నువ్వు సూడకపోతే పోదును."

ఆయన తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"అది గొర్రె సచ్చినంక తెల్సింది బిడ్డా" అన్నాడు. "గా గొర్రె సావకుంటె, నువ్వు గూడ నెమరేస్తున్నవనుకుంటుంటి."

నేను చెయ్యి చాపి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన ఏడుస్తున్నాడు. మాట్లాడొద్దన్నప్పుడు ఇన్ని రోజులు ఒక్క క్షణం ఊరుకోలేని దాన్ని, ఇప్పుడు అనుమతి ఉండి కూడా ఏమనాలో తెలియక అట్లాగే పట్టుకుని ఉన్నాను.